సింహాచలం ఎక్స్‌పోజ్ అయ్యాడు

ఫ్యాక్టరీలో నా హోదా రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్. అందరూ పిలిచింది మాత్రం ఫ్యాన్ మేడమ్ అని. హోదా నా గది తలుపు మీద మూడు భాషల్లో రాసి ఉండేది. నా సర్వీసు మొత్తం మీద దాన్ని చదివి లోపలికి వచ్చినవాళ్ళు ఆడిటర్లే. మిగతావాళ్ళు "ఫ్యాన్ మేడమ్ గదెక్కడ?" అని అడుక్కుంటూ వచ్చేవారు. వాళ్ళలో సగం మందికి నా చేత ఫ్యాను బాగు చేయించుకోవాలని ఉండేది.

మా అక్క కూతురు ఈమధ్యే ఇలాంటి ఉద్యోగంలో చేరింది. "పిన్నీ, ఈ పనిలో అసలు కష్టం ఎక్కడుంటుంది? లెక్కల్లోనా, రూల్సులోనా?" అని ఫోన్ చేసి అడిగింది. రెండిట్లోనూ కాదమ్మా, మాటల్లో ఉంటుంది అన్నాను. దానికి అర్థం కాలేదు. ఫోన్లో తేలే సంగతి కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నాకొచ్చిన ప్రమోషన్ల గురించి రాయడం లేదు. వచ్చినవి తక్కువ, రాస్తే ఏడుపులా ఉంటుంది.

మూడు రెక్కల బొమ్మ

మాది ప్రైవేటు ఉక్కు ఫ్యాక్టరీ. పేరు అనవసరం. విశాఖ ఉక్కునగరంలో ఉండేవాళ్ళు మా ఫ్యాక్టరీని చూస్తే వాళ్ళ ప్లాంటు ముందు కుంపటిలా ఉందని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, కుంపట్లో పనిచేసేవాడికీ చెయ్యి కాలుతుంది.

మా దగ్గర కరిగిన ఉక్కును రాగి అచ్చులో పోస్తారు. ఆ అచ్చును మోల్డ్ అంటాం. అందులో ఉక్కు ఎంతవరకు నిండిందో ఎప్పటికప్పుడు తెలియాలి. వంగి చూస్తే కళ్ళు పోతాయి. కర్ర ముంచి చూడ్డానికి అది నూతిలో నీళ్ళు కాదు. అందుకని అచ్చుకి ఒక పక్క సీసపు డబ్బాలో చిటికెడు కోబాల్ట్ పెడతారు. దాని నుంచి గామా కిరణాలు వస్తుంటాయి. అచ్చుకి అవతలి పక్క కిరణాలను కొలిచే గొట్టం ఉంటుంది. ఉక్కు నిండితే అది అడ్డుపడి కిరణాలు ఆగిపోతాయి. ఉక్కు తగ్గితే ఎక్కువ కిరణాలు దాటిపోతాయి. దాటినవాటిని బట్టి ఎత్తు తెలుస్తుంది. పదో తరగతి పిల్లలకి ఒక్కసారి చెప్తే అర్థమవుతుంది. మా జి.ఎం. గారికి మూడు మీటింగులు పట్టింది, అదీ సమోసాలతో.

సీసపు డబ్బాకి ఒక షట్టర్ ఉంటుంది. తెరిస్తే కిరణాలు బయటికొస్తాయి, మూస్తే సీసం వాటిని లోపలే ఆపేస్తుంది. దాన్ని ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి, తెరిచినప్పుడు ఎదురుగా ఎవరూ ఉండకుండా ఎలా చూడాలి అన్నదే నా ఉద్యోగం. నా జీతానికి ఇంతకన్నా గొప్ప కారణం ఏదీ లేదు.

డబ్బా మీద రేడియేషన్ గుర్తు ఉంటుంది. పసుపు రంగు మీద మధ్యలో చుక్క, చుట్టూ మూడు రెక్కలు. ప్రపంచమంతా ఇదే గుర్తు. దాన్ని గీసినాయన ఎవరో గానీ ఉక్కపోత ఎరగడు. విశాఖ ఎండాకాలంలో, అందులోనూ కొలిమి పక్కన నిలబడి చెమటతో స్నానం చేస్తున్న మనిషికి మూడు రెక్కల బొమ్మ చూపిస్తే ఏం గుర్తొస్తుంది? ఎలక్ట్రికల్ వాళ్ళు నిచ్చెన పట్టుకుని వచ్చి "ఫేను పన్జెయ్యట్లేదని కంప్లైంటొచ్చిందండి, ఫేనెక్కడ?" అని నన్నే అడిగారు. కపాలం బొమ్మ వేసి, కింద పెద్ద తెలుగు అక్షరాలతో "ఇక్కడ నిలబడకు" అని రాయిద్దామని జి.ఎం. గారిని అడిగాను.

"కపాలమా? విజిటర్లు భయపడరూ?" అన్నారాయన.

భయపడాలనే కదా సార్ అన్నాను. విజిటర్లు భయపడితే ఆర్డర్లు పోతాయట. అలా మూడు రెక్కలు మూడు రెక్కలుగానే మిగిలిపోయాయి.

రెండొంతులు ఎవరు తిన్నారు?

ఈ జి.ఎం. గారు కామర్స్ చదివారు. కామర్స్ చదవడం తప్పు కాదు. ఆయనకి ఫిజిక్స్ రాదని అందరికీ తెలిసి, ఆయనొక్కడికే తెలియకపోవడంతోనే వచ్చింది చిక్కంతా.

ఫ్యాక్టరీకి సొంత పవర్ హౌస్ ఉండేది. బొగ్గు మండితే నీళ్ళు ఆవిరవుతాయి, ఆవిరి జోరుగా తగిలి టర్బైన్ తిరుగుతుంది, దాంతోపాటు జనరేటర్ తిరుగుతుంది, తీగల్లోకి కరెంటొస్తుంది. బొగ్గులో ఉన్న శక్తిలో మూడో వంతు కరెంటుగా చేతికొస్తే అటువంటి చోట సంతోషించాలి. మిగతాది వేడిగా పొగగొట్టంలోంచీ, కూలింగ్ టవర్ లోంచీ వెళ్ళిపోతుంది. ఇది మా పవర్ హౌస్ ఇంజనీరు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు.

జి.ఎం. గారు బొమ్మ వంక చాలాసేపు చూశారు. "అయితే మిగతా రెండొంతులు ఎవరు తింటున్నారు?"

"ఎవరూ తినరు సార్. వేడిగా పోతుంది."

"పోతుంటే మీరంతా చూస్తూ కూర్చున్నారా?"

తర్వాతి వారం కూలింగ్ టవర్ దగ్గర సెక్యూరిటీ గార్డును పెట్టారు. రౌండ్లకి వెళ్తే పాపం అతను లాఠీ చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "మేడమ్మ, నన్నిక్కడ ఎందుకెట్టినారో ఎవలూ సెప్పట్లేదు. నాను పట్టుకోవాల్సింది ఎవల్ని?"

"ఆవిరిని."

అతను టవర్ వైపు తలెత్తి చూసి, "అది గేటు కాడికి రాదు గదమ్మ" అన్నాడు దిగాలుగా.

శక్తి పుట్టదు, చావదు, రూపం మార్చుకుంటుంది అని బడిలో అందరం బట్టీ పట్టినవాళ్ళమే. కానీ ఆఫీసులో "పోయింది" అన్న మాట వినపడితే గుర్తొచ్చేది ఆ పాఠం కాదు, దొంగ. మా అక్క కూతురికి చెప్పేది ఇదే. నువ్వు పుస్తకంలోని మాట వాడతావు, వినేవాడు వాడి మాట వింటాడు. జి.ఎం. గారి వల్ల ఒక గార్డు ఎండలో నిలబడ్డాడు, అంతే. సింహాచలం విషయంలో అలా నవ్వుకుని ఊరుకోలేకపోయాను.

పెరుగన్నం

సింహాచలం కాంట్రాక్టు ఫిట్టర్. విజయనగరం అవతల పల్లెలో వ్యవసాయం మీద బతకలేక ఇటొచ్చిన కుటుంబం. పనిమంతుడు, మాటకారి. ఏళ్ళ తరబడి కాంట్రాక్టులో నలిగి, ఆ నెలలో పర్మినెంట్ కావాల్సి ఉంది. భార్య రమణమ్మకి ఏడో నెల. పర్మినెంట్ అయ్యాక పుట్టే బిడ్డ కంపెనీ హాస్పిటల్లో పుడుతుందని కనపడ్డవాడికల్లా చెప్పేవాడు.

ఆరోజు మోల్డ్ మార్చడానికి పాతది తీసేశారు. మోల్డ్ తీసినప్పుడు షట్టర్ మూసి తీరాలి, ఎందుకంటే కిరణాలకి అడ్డు ఏమీ ఉండదు. షిఫ్ట్ ఇన్‌చార్జి మూయలేదు. "మళ్ళీ తెరవాల్సిందే కదా" అన్నాడట. ఇంటి తలుపు కూడా మళ్ళీ తెరవాల్సిందే, అయినా ఊరెళ్తూ తాళం వేసుకుంటాడు కదా!

నేను రేడియేషన్ కొలిచే మీటరు పట్టుకుని రౌండ్లకి వెళ్ళాను. దగ్గరికి రాగానే మీటరు గోల పెట్టింది. చూస్తే డబ్బాకి ఎదురుగా, స్తంభానికి జారగిలబడి, క్యారేజీ విప్పుకుని సింహాచలం భోంచేస్తున్నాడు.

"సింహాచలం! లే! ఇటు రా!"

"ముద్ద నోట్లో ఉన్నాదమ్మ."

"ముద్దతోనే రా!"

వచ్చాడు. షట్టర్ మూశాను. అక్కడెందుకు కూర్చున్నావని అడిగితే డబ్బా వైపు చెయ్యి చూపించాడు. "ఫేను బొమ్మ ఉన్నాది గదమ్మ. గాలొత్తాదని కూకున్నాను. ఎంతకీ రానేదు. కరెంటు పోయిందనుకున్నాను."

దూరం, సమయం చూసుకుని అక్కడే లెక్క కట్టాను. ఛాతీకి నాలుగైదు సార్లు ఎక్స్‌రే తీయించుకుంటే ఎంతో, దాదాపు అంత. భయపడాల్సింది కాదు. అయినా పద్ధతి ప్రకారం డాక్టరుకి చూపించాలి, కొన్నాళ్ళు ఆ చోటికి రానివ్వకూడదు. పర్సనెల్ మేనేజర్ శేషగిరి గారికి ఫోన్ చేశాను. మా వృత్తిలో కిరణాల దారిలో పడటాన్ని ఎక్స్‌పోజ్ కావడం అంటాం. చదువుకున్నప్పటి నుంచీ అదే మాట, నోటికి ఇంకో మాట రాదు.

"శేషగిరి గారూ, సింహాచలం అని ఫిట్టరు, మా ఏరియాలో ఎక్స్‌పోజ్ అయ్యాడండీ."

"ఏమన్నారు మేడమ్?"

"ఎక్స్‌పోజ్ అయ్యాడు. షట్టర్ తెరిచి ఉంది."

"షట్టర్... తెరిచే ఉందా?"

"పూర్తిగా తెరిచి ఉంది. నేనే వెళ్ళి మూశాను."

"మీరా? మీరు మూశారా?"

"ఇంకెవరు మూస్తారండీ, నా డ్యూటీ కదా!"

ఆయన గొంతు సవరించుకున్నారు. "చుట్టుపక్కల ఎవరూ లేరా మేడమ్? ఎంతసేపు?"

"అతను భోంచేసినంతసేపు."

"భోంచేస్తూనా!"

"మీరు కంగారు పడకండి. నేను కొలిచాను. చాలా తక్కువ."

ఆయన గొంతు తగ్గించి, "రత్నకుమారి మేడమ్, మీలాంటి ధైర్యవంతుల్ని నేను చూడలేదు. ఇక నాకు వదిలేయండి" అన్నారు. మొదటిసారి ఒక మేనేజరు నా మాట విన్నాడని మురిసిపోయి ఫోన్ పెట్టేశాను.

ఎవరూ పలకని మాట

మర్నాడు సింహాచలాన్ని గేటు దగ్గరే ఆపేశారు. సస్పెండ్ చేశారట. రక్తపరీక్షలయ్యేదాకా జాగ్రత్తగా పక్కనుంచారేమో అనుకున్నాను. అకౌంట్స్ లో ఆడపిల్లలు వరసకట్టి వచ్చి నా చేతులు పట్టుకున్నారు. ఒకమ్మాయికి కళ్ళలో నీళ్ళు. "మీకెలా ఉంది మేడమ్?"

"నాకేమవుతుందమ్మా? నాకిది రోజూ ఉండేదే."

"రోజూనా!" అంది ఆ అమ్మాయి, గోడకి చేరబడి.

విచారణ పెట్టారు. శేషగిరి గారు, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు, ఎదురుగా చేతులు కట్టుకుని సింహాచలం, పక్కన కుర్చీలో నేను. నన్ను చూసినప్పుడల్లా ముగ్గురూ తలదించుకుంటున్నారు. అసలు సంగతిని ఎవరూ పేరు పెట్టి పలకరు. "ఆ విషయం" అంటారు, "జరిగినది" అంటారు.

"జరిగినదానికి తప్పు ఒప్పుకుంటావా?" అన్నారు శేషగిరి గారు.

"ఒప్పుకుంటానండి. అక్కడ కూకోకూడదంట. నాకు తెల్దు."

"మేడమ్ వస్తున్నారని చూసి కూడా ఆపలేదా?"

"అమ్మగోరొచ్చీతలికి అయిపోవచ్చీసినాదండి. పెరుగన్నమే మిగిలింది."

పెద్దమనుషులు మొహమొహాలు చూసుకున్నారు. శేషగిరి గారికి ఓపిక నశించింది. బల్ల మీద గుద్ది, "పెరుగన్నం గోల నాకెందుకయ్యా! ఆడమనిషి ముందు బట్టలెందుకు విప్పావు? అది చెప్పు!" అన్నారు.

సింహాచలం నా వైపు తిరిగాడు. "బట్టలేటమ్మ?"

అప్పుడు వెలిగింది నాకు. ఈ ఊళ్ళో ఎక్స్‌పోజింగ్ అనే మాట ఫిజిక్స్ పుస్తకంలోంచి రాలేదు, సినిమా పోస్టర్ల మీద నుంచి వచ్చింది. ఆ అర్థంతో నా ఫోనంతా మళ్ళీ గుర్తు చేసుకున్నాను. షట్టరు, మూయడం, కొలవడం, తక్కువ. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. తేరుకుని, ఎక్స్‌పోజ్ అంటే ఏమిటో, ఏ షట్టరో, ఏం కొలిచానో విడమరిచి చెప్పాను.

ముగ్గురూ హమ్మయ్య అనుకున్నారు. శేషగిరి గారు నవ్వారు కూడా. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయారు. "అంటే... రేడియేషనా?"

"అవునండీ."

కుర్చీ వెనక్కి జరిపారు. మిగతా ఇద్దరూ అప్పటికే కిటికీ దగ్గరున్నారు. బట్టలు విప్పాడనుకున్న మనిషితో గంటసేపు ఒకే బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళే, భోంచేశాడని తెలిశాక ముక్కుకి రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు.

"మేడమ్, ఇది అంటుకుంటుందా?"

"ఎండలో నిలబడ్డవాడు నీడలోకొస్తే ఎండను వెంట తెస్తాడా? బురద తొక్కితే అంటుతుంది గానీ ఎండ అంటదు కదండీ. ఆ కోబాల్ట్ పొడి ఇతని ఒంటికి అంటితే అది వేరే సంగతి. అది డబ్బాలోనే భద్రంగా ఉంది. ఇతని మీద వెలుతురు పడినట్టు కిరణాలు పడ్డాయి, అంతే."

బాగా అర్థమైందని తలలూపారు. రుమాళ్ళు మాత్రం తీయలేదు. శేషగిరి గారు సెల్‌ఫోన్ చెవికి ఆనించుకుని డాక్టరుతో మాట్లాడుతున్నారు. ఆ ఫోను చేసేది కూడా ఒక రకం రేడియేషనేనని చెప్దామనుకుని మానేశాను. భయంతో కిటికీలోంచి విసిరేస్తే కింద ఎవరి నెత్తో పగులుతుంది.

ముందటి మాట

సస్పెన్షన్ ఎత్తేశారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను గానీ, అసలు బాధ అప్పుడే మొదలైంది.

క్యాంటీన్లో సింహాచలానికి కంచం వేరు చేశారు. యూనియన్ వాళ్ళు జి.ఎం. గారిని కలిసి రెండు కోరికలు కోరారు. ఒకటి, కార్మికులందరికీ రేడియేషన్ అలవెన్సు ఇవ్వాలి. రెండు, సింహాచలాన్ని ఇంకెక్కడికైనా పంపేయాలి. అలవెన్సు దగ్గరికొస్తే ఆఫీసు ప్యూను దాకా అందరూ ఎక్స్‌పోజ్ అయినవాళ్ళే, సింహాచలం దగ్గరికొస్తే ఒక్కడే. పర్మినెంట్ మాట అడిగితే "చూద్దాం" అన్నారు. మా ఆఫీసులో చూద్దాం అంటే చూడబోమని. డాక్టరు పరీక్షించి అంతా బాగుందన్నాడు, అదీ తలుపు దగ్గర నిలబడి.

ఒకరోజు సింహాచలం నా గదికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మ, మీరు సెప్తే ఇంటారు. ఆ ముందటి మాటే ఉంచీమనండి."

"ఏ మాట?"

"అదేనమ్మ. నాను గుడ్డలు ఇప్పీసినానన్న మాట."

"మతిగానీ పోయిందా నీకు?"

"మతుండే సెప్తన్నాను. గుడ్డలిప్పీసినానంటే మా అత్త రెండ్రోజులు తిడతాది, మూడోనాడు కూడెడతాది. మావోళ్ళు నవ్వుకుంటారు. నవ్వితే ఏటైపోద్ది? ఇదైతే మా ఇంటిదాన్ని గోపాలపట్నం ఎత్తుకుపోయినాదమ్మ మా అత్త. రేపు పుట్టీ గుంటని నా సేతికియ్యదంట. దూరం నుంచి సూసి ఎలిపోవాలంట. నాను సేసిన తప్పేటమ్మ? గాలొత్తాదనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళు మండింది కూడా. నేరుగా శేషగిరి గారి దగ్గరికి వెళ్ళి సింహాచలం అడిగినది చెప్పాను, ఆయనకి సిగ్గేస్తుందేమోనని. ఆయన ముఖం విప్పారింది.

"నిజానికి అదే సుఖం మేడమ్! బట్టల కేసుకైతే మనకి రూలుంది. వార్నింగ్ ఇచ్చి వదిలేయొచ్చు. ఈ రేడియేషన్ కేసుకి పర్సనెల్ మాన్యువల్లో రూలే లేదు."

అప్పటిదాకా మర్యాదగా బతికినదాన్ని. ఆరోజు కుర్చీ లాక్కుని ఆయన పక్కనే కూర్చున్నాను. "జరిగింది రేడియేషన్ చూసే ప్రభుత్వ అధికారులకి నేనెలాగూ రాసి తీరాలి సార్. షట్టర్ మూయనివాడిని వదిలేసి, అన్నం తిన్నవాడి ఉద్యోగం ఆపారని కూడా రాయమంటారా? మీరు చెప్పినట్టే రాస్తాను."

ఆ సాయంత్రానికి చూద్దాం కాస్తా చేద్దాం అయింది. కపాలం బోర్డుకి కూడా అనుమతి వచ్చింది. విజిటర్లు భయపడటం సంగతి జి.ఎం. గారు మళ్ళీ ఎత్తలేదు.

రుబ్బురోలు

ఉద్యోగం నిలబడింది గానీ ఇల్లు నిలబడలేదు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, మీటరు సంచిలో వేసుకుని, సింహాచలాన్ని వెంటబెట్టుకుని గోపాలపట్నం వెళ్ళాను. అతని అత్త అప్పాయమ్మ మమ్మల్ని చూడగానే వాకిట్లో చెయ్యి అడ్డం పెట్టింది. నన్ను రమ్మంది, అల్లుణ్ణి వీధిలోనే నిలబెట్టింది.

"అమ్మగోరూ, మీరు సదూకున్నోరు. మీకు తెల్దు. ఇది గాలిలోంచి వచ్చీసి పొట్టలో గుంటకి పట్టీసుకుంటాది."

వాదించి లాభం లేదు, కళ్ళతో చూస్తే నమ్ముతుంది అనుకున్నాను. మీటరు ఆన్ చేసి నా ఛాతీ దగ్గర పెట్టాను. టిక్, టిక్ మని నెమ్మదిగా కొట్టింది. సింహాచలం దగ్గర పెట్టాను. అలాగే కొట్టింది.

"సూడండి, కొడతంది గదేటి!" అంది అప్పాయమ్మ.

"అది ఎవరికైనా కొడుతుందమ్మా. ఆకాశం నుంచీ, నేలలోంచీ ఎప్పుడూ కాస్తంత వస్తూనే ఉంటుంది. ఇదిగో, నీ దగ్గర కూడా చూడు." ఆమె దగ్గర పెట్టాను. టిక్, టిక్.

"ఓలమ్మో! నాకూ అంటించీసినాడు!"

నా తల ప్రాణం తోకకొచ్చింది. అరుగు పక్కన నల్లరాతి రుబ్బురోలు కనపడింది. అటువంటి రాళ్ళలో స్వతహాగా రేడియేషన్ ఇంకొంచెం ఎక్కువుంటుంది, దానివల్ల ఎవరికీ ఏమీ కాదు. మీటరు దాని మీద పెట్టాను. టిక్కులు జోరందుకున్నాయి.

"విన్నావా? నీ అల్లుడికన్నా నీ రుబ్బురోలు ఎక్కువ కొడుతోంది. పుట్టిన దగ్గర్నుంచీ దీంట్లో రుబ్బిన పచ్చళ్ళు తిన్నావు. ఏమైనా అయిందా నీకు?"

ఇంతకన్నా గట్టి రుజువు ఉండదని గర్వంగా నిలబడ్డాను. అప్పాయమ్మ రోలు వంక చూసింది, అల్లుడి వంక చూసింది. పక్కింటివాళ్ళని కేకేసింది. నేను వాళ్ళిచ్చిన చల్ల తాగి గ్లాసు కింద పెట్టేలోపు రోలు వీధిలోకి దొర్లిపోయింది. ఆ వెనకే పక్కింటి సన్నికల్లు, ఎదురింటి తిరగలి. ఒకావిడ మీటరు ఓసారి ఇమ్మంది, వాళ్ళాయన మీద పెట్టి చూసుకుంటుందట. అందరి మధ్యలోంచి అప్పాయమ్మ గట్టిగా అరిచింది:

"ఓరల్లుడా, ఇంకా ఈదిలో నిలబడ్డావేటి? లోపలికి రా! ఆ రోలు కాడికి ఎల్లకు!"

శక్తి నిత్యత్వ నియమం నేను చదివింది కాలేజీలో, కళ్ళారా చూసింది గోపాలపట్నంలో. భయం ఇసుమంతైనా తగ్గలేదు, అల్లుడిలోంచి రోటిలోకి బదిలీ అయింది. నా వృత్తి జీవితంలో నేను సాధించిన విజయాల్లో చాలావరకు ఈ రకమైనవే. రోలు నిర్దోషి అని చెప్పడానికి నాకిక ఓపిక లేదు.

సింహాచలం లోపలికొచ్చి అరుగు మెట్టు మీద కూర్చున్నాడు. అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న రమణమ్మ మెల్లగా నా దగ్గరికొచ్చింది.

"అమ్మ, ఒకటడగనా?"

"బిడ్డకేమీ కాదు తల్లీ. నిశ్చింతగా ఉండు" అన్నాను, అడగకముందే.

"గుంట గురించి కాదమ్మ." తల తిప్పి భర్త వైపు చూసింది. "ఈయనకేటీ అవదు గదా? అప్పుడు నొప్పెట్టిందేటి ఈయనకి?"

జి.ఎం. గారు విజిటర్ల గురించి అడిగారు. శేషగిరి గారు అంటుకుంటుందా అని అడిగారు. యూనియన్ వాళ్ళు అలవెన్సు అడిగారు. అప్పాయమ్మ భయమంతా పుట్టబోయే బిడ్డ గురించే. ఇన్ని రోజుల్లో ఆ మనిషికి ఎలా ఉందని అడిగింది ఈ పిల్ల ఒక్కతే. ఏమీ కాదని, ఆ కిరణాలు ఒంట్లోంచి దాటిపోయినట్టే తెలియదని చెప్పాను. చెప్తూ సింహాచలం వైపు చూశాను. సస్పెండ్ చేసినప్పుడు చెక్కుచెదరనివాడు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"అప్పుడేటీ నొప్పెట్టనేదే" అన్నాడు కాసేపటికి. "తరవాత బస్సులో నా పక్క సీటు కాళీగా ఉంటే, నిలబడైనా ఎల్లినారు గాని ఎవలూ కూకోనేదు. అప్పుడెట్టింది."

రమణమ్మ ఏడో నెల పొట్టని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గోడని ఆనుకుని, మెల్లగా వంగి ఆ మెట్టు మీద అతని పక్కన కూర్చుంది.